మా చెల్లెలి కోసం ముందే మోగిన గంట

మా చెల్లెలు రూతు భూస్థాపన నాడు, గుడివాడ నుంచి తెచ్చిన పెట్టె ఇంకా మందిరం వరండాలో ఉండగానే, పాస్టరుగారు నా పక్కకు వచ్చి మెల్లగా అడిగారు: "గంట కొట్టిద్దామా మాస్టారూ?" ఆయన వయసులో చిన్నవారు, మా లంకకు వచ్చి ఎంతో కాలం కాలేదు. మందిరానికి ఇప్పుడు సిమెంటు గోడలున్నాయి, మైకు సెట్టు ఉంది. అయినా ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే మాత్రం ఆవరణలో తాటిదూలానికి వేలాడే పాత రైలుపట్టా ముక్కనే మోగిస్తారు. నేను నోరు తెరిచేలోపే నా మేనకోడలు గ్రేసు అడ్డుపడింది. "వద్దండీ. అమ్మ మరీమరీ చెప్పింది. నా గంట ఎప్పుడో కొట్టేశారు, ఒక మనిషికి రెండుసార్లు కొట్టకూడదంది." పాస్టరుగారు ఆమె ముఖంలోకీ, నా ముఖంలోకీ మార్చి మార్చి చూశారు. దుఃఖంలో పిల్ల ఏదో మాట్లాడుతోందని అనుకున్నట్టున్నారు. ఆమె చెప్పింది నిజమేనన్నాను. అంతకు మించి చెప్పడానికి అది సమయం కాదు. గంట మోగకుండానే రూతును తీసుకువెళ్లాం. ఆ నిశ్శబ్దం లంకలో ముసలివాళ్లకు కొంత కష్టంగానే తోచింది. ఆమె మాట వెనక ఉన్న ఉదయాన అక్కడ ఉన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే గనుక, దానిని ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

కృష్ణ సముద్రాన్ని చేరబోయే ముందు పాయలుగా చీలి తడబడే చోట ఉంది మా లంక. నాగాయలంక రేవులో పడవ ఎక్కితే తప్ప చేరలేము. ఒకవైపు వరి, ఒకవైపు మడ అడవి. గాలి ఎటు నుంచి వీస్తే అటు వాసన ఇల్లంతా నిండేది: ఒక పూట కొత్త గడ్డి, ఒక పూట ఎండుచేప, మరొక పూట ఉప్పుబురద. మా నాన్నగారు అక్కడి ఏకోపాధ్యాయ పాఠశాలకు మాస్టారు. బడి, తాటాకు మందిరం, మా ఇల్లు ఒకే ఆవరణలో ఉండేవి. తెల్లవారకముందే మమ్మల్ని లేపి, మసిబారిన లాంతరు చుట్టూ కూర్చోబెట్టి కుటుంబ ప్రార్థన నడిపించేవారు. ఆమెన్ అన్న నోటితోనే పాత పద్యం ఒకటి ఎత్తుకునేవారు. "ప్రార్థన ఆత్మకు, పద్యం నాలుకకు" అనేవారు. సీసపద్యానికీ కీర్తనకూ ఆయన గొంతులో పెద్ద భేదం ఉండేది కాదు. నేను తరువాత బందరులో తెలుగు పండితుడిగా బతుకు వెళ్లదీశానంటే ఆ లాంతరు వెలుగు చలవే. అమ్మ ఎసరు పెట్టాక బియ్యం కొలిచి, ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. అది ప్రభువు వంతు, ఆదివారం మందిరానికి వెళ్లేది. ఆ పిడికెడు తీసేటప్పుడు ఆమె పెదవులు కదిలేవి. ఏమని ప్రార్థించేదో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ రైలుపట్టా ముక్కను ఎవరో పెద్దలు బందరు నుంచి పడవలో వేసుకుని వచ్చారట. కంచు గంట కొనే తాహతు సంఘానికి లేదు. దాని సుత్తి సంఘపెద్ద యేసోబు తాతయ్య నడుముకు వేలాడుతూ ఉండేది. ఆయన నిప్పు లాంటి మనిషి. గంటకు ఆయన పెట్టిన నియమం సంఘంలో అందరికీ కంఠతా వచ్చు. ఆదివారం ఆరాధనకు మూడు దెబ్బలు, గబగబా, పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చేటట్టు. మిగిలిన రోజుల్లో మోగితే ఒక్కటే అర్థం. ఒక దెబ్బ, అది పూర్తిగా చల్లారేదాకా ఆగి, మరొక దెబ్బ. ఆ ఆగే తీరును బట్టి పొలాల్లో ఉన్నవాళ్లు కొడవలి కింద పెట్టి తలగుడ్డ తీసేవారు. ఎవరు పోయారన్నది ఊళ్లోకి వచ్చాకే తెలిసేది.

క్రిస్మసు ఇంకా రాలేదు, కోతలు అయ్యాయి. రూతుకు జ్వరం పట్టుకుంది. మొదట అందరూ మంచు జ్వరమన్నారు. రోజులు గడిచినా అది దిగలేదు. పెదవులు నల్లబడ్డాయి, కళ్లు మూతలు పడుతూ ఉండేవి, నిద్రలో ఎవరితోనో మాట్లాడేది. నాగాయలంకలో మందులిచ్చే ఆయన చేతులెత్తేసి, బందరు ఆసుపత్రి నుంచి మందు తెస్తే తప్ప లాభం లేదన్నాడు. పిల్లను పడవలో అంతదూరం కదిలించవద్దని కూడా అన్నాడు. నాన్నగారు తుండుగుడ్డ భుజాన వేసుకుని బయలుదేరారు. పడవ నాంచారయ్యది. ఆయన, నాన్నగారు ఈడువాళ్లు. ఒకరు గుడికి, ఒకరు మందిరానికి వెళ్లేవారు గానీ సాయంకాలం ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చునేవారు. "నాగాయలంక రేవులో నీకోసం కాచుకుని ఉంటా మాస్టారూ, ఎప్పుడొస్తే అప్పుడే తీసుకొస్తా" అన్నాడు నాంచారయ్య. గుమ్మం దగ్గర నాన్నగారు వెనక్కి తిరిగి అమ్మతో, "పొద్దుటికల్లా వస్తాను. నేనొచ్చేదాకా..." అని ఆపేశారు. అమ్మ, "ఉంటుంది, వెళ్లిరండి" అంది. వాళ్లిద్దరూ దేనిని గురించి మాట్లాడుకున్నారో నాకు తెలిసింది. తెలియనట్టు నటించాను.

మర్నాడు తెల్లవారుతూనే మంచు పట్టింది. మా లంకలో ఆ కాలపు మంచు వింత కాదు. కానీ ఆ రోజుది వేరు. గుమ్మంలో నిలబడితే ఆవరణలోని మందిరం కనిపించలేదు, తాటిదూలం ఒక నీడలా తేలుతూ ఉంది. నాంచారయ్య భార్య నాగమ్మ ఆ మంచులోంచి ఊడిపడినట్టు వచ్చి మా గుమ్మంలో నిలబడి అమ్మను పిలిచింది. రొప్పుతోంది.

"సుందరమ్మా, గట్టు మీద మా మరిది కేక విన్నాడంట. మావాళ్లే. నీళ్ల మధ్యన ఉన్నారు, ఎటేపో తెలీటంలా. పాటు మొదలైంది."

మా ప్రాంతంలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. సముద్రం పైకి వచ్చేది పోటు, వెనక్కి లాగేది పాటు. పాటు పట్టిన పడవ దిక్కు తెలియక తిరిగితే నీరు దానిని మొగ వైపుకు, అంటే పాయ సముద్రంలో కలిసే చోటుకు, మెల్లగా, చప్పుడు లేకుండా తీసుకుపోతుంది. అక్కడ ఇసుకమేటల మీద కెరటాలు విరుగుతాయి. చిన్న పడవలకు అక్కడ బతుకు లేదు. గట్టు మీద జనం అప్పటికే గొంతులు చించుకుని అరుస్తున్నారు. మంచులో మనిషి గొంతు నాలుగు వైపులా చెదిరిపోయి, నలుగురు నాలుగు దిక్కుల నుంచి పిలిచినట్టు ఉంటుంది. ఎండుగడ్డి వెలిగించారు. ఆ వెలుతురు పది బారల దూరం కూడా పోలేదు.

అమ్మ రూతు తలను నా ఒళ్లో పెట్టి, "కదలకు" అని బయటికి వెళ్లింది. యేసోబు తాతయ్య మందిరం ముందే నిలబడి ఉన్నాడు. మంచులో వాళ్ల ముఖాలు నాకు కనిపించలేదు. మాటలు మాత్రం పక్కనే మాట్లాడుతున్నంత స్పష్టంగా వినిపించాయి.

"తాతయ్యా, సుత్తి ఇలా ఇయ్యి."

"పాపకేమన్నా..."

"పాప ఉంది. ఆయన కోసం. గంట వింటే గట్టు ఎటుందో తెలుస్తుంది."

తాతయ్య అన్నాడు: "నీకు మతుండే అడుగుతున్నావా అమ్మా? ఇవాళ ఆదివారం కాదు. జబ్బుపిల్లని ఇంట్లో వదిలి వెళ్లిన మనిషి. ఈ గంట చెవిన పడితే ఏమనుకుంటాడు? పిల్ల పోయిందనేగా? నీళ్ల మీద ఉన్నోడికి ఆ కబురు పంపిస్తావా? గుండె ఆగి పడవలోనే పడిపోతాడు."

"అయితే ఆరాధన గంటలాగా గబగబా కొట్టండి తాతయ్యా" అని ఎవరో అన్నారు. నాగమ్మ ఒప్పుకోలేదు. "గబగబా కొడితే నీళ్ల మీద హోరే గానీ దిక్కు తెలీదు. దెబ్బకీ దెబ్బకీ మధ్యన ఆపితేనే మనిషి చెవి అటు తిప్పుకుని పట్టుకుంటాడు. ఆపి ఆపి కొట్టాలి." అని, తానన్నది తనకే అర్థమై నోరు మూసుకుంది. ఆపి ఆపి కొట్టేది ఒక్కదానికే.

"ఊళ్లో ఎవరూ పోకుండా పోయారని కొట్టటమంటే" అన్నాడు తాతయ్య, "అది దేవుని మందిరంలో అబద్ధం ఆడటం. నా చేత్తో నేను చెయ్యను. ఇంకో మాట. బతికున్న పిల్లకి గంట కొట్టి, రేపు జరగరానిది జరిగితే నిన్ను నువ్వు క్షమించుకుంటావా సుందరమ్మా?"

నా ఒళ్లో రూతు ఊపిరి వేడిగా, చిన్నచిన్న ముక్కలుగా తగులుతూ ఉంది. అప్పుడే నీళ్ల మీంచి ఒక కేక వినిపించింది, సన్నగా, చాలా దిగువ నుంచి. ఇందాక విన్న చోటు కంటే ఎంతో దిగువ.

అమ్మ ఇంట్లోకి వచ్చింది. సుత్తి కోసం తాతయ్యను మళ్లీ అడగలేదు. వంటింటి మూలనున్న రోకలి తీసుకుంది, ఇనుప పొన్ను తొడిగిన బరువైన రోకలి. రూతు వైపు చూడకుండా గుమ్మం దాటింది. "పిల్ల పోయిందనుకుని ఏడిస్తే ఏడవనీ తాతయ్యా" అంది బయట. "ఇంటికొచ్చి ఏడుస్తాడు. ముందు రానీ." ఆ వెంటనే మొదటి దెబ్బ మోగింది.

ఆ ధ్వనిని నేను ఆ తరువాత ఎన్నో మరణాలకు విన్నాను. ఆ ఉదయం విన్నట్టు ఎప్పుడూ వినలేదు. మా చెల్లెలి తల నా ఒళ్లో ఉంది, మా చెల్లెలి చావుగంటను మా అమ్మ కొడుతోంది. రెండవ దెబ్బ. మూడవ దెబ్బకు రోకలి జారి పొన్ను రాయికి తగిలింది. అప్పుడు యేసోబు తాతయ్య గొంతు వినిపించింది. "ఆగమ్మా, ఆగు. అది విరిగిపోద్ది. ఇటు జరుగు." ఆయన సుత్తి తీసి, కొట్టబోయే ముందు తల ఎత్తి, సంఘమంతా వినేటట్టు పెద్దగా ప్రార్థించాడు: "ప్రభువా, ఇక్కడెవరూ పోలేదు. ఆ సంగతి నీకు తెలుసు. పడవ కోసం కొడుతున్నాం. తప్పయితే నా మీద వెయ్యి, పిల్ల మీద వెయ్యొద్దు." అంత భయంలోనూ దేవునికి లెక్క అప్పజెప్పకుండా సుత్తి ఎత్తని ఆ ముసలాయనను తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ కన్నీరూ కలిసి వస్తాయి.

గంట పొలాల మీదికి పోయింది. అవతలి పేటల్లోని ఆడవాళ్లు, మాస్టారి పిల్ల పోయిందనుకుని, కొంగులు నోట కుక్కుకుని ఏడుస్తూ మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఒక పెద్దమ్మ గుమ్మంలోనే కూలబడి రాగం ఎత్తుకుంది: "నా తల్లీ, రూతమ్మా, ఎంతపని చేశావే..." ఆ ఏడుపుకు రూతు కళ్లు తెరిచింది. ఎన్నో రోజుల తరువాత ఆ కళ్లు నన్ను చూశాయి, నా వెనక గోడను కాదు.

"ఎవరు పోయారన్నయ్యా?" అంది.

పెద్దమ్మ రాగం గొంతులోనే ఆగిపోయింది. "ఎవరూ పోలేదు" అన్నాను. "నాన్న మంచులో దారి తప్పాడు. అందుకని కొడుతున్నారు."

ఆమె కాసేపు విన్నది. "అయితే ఇంకా గట్టిగా కొట్టమను" అని కళ్లు మూసుకుంది.

గట్టిగానే కొడుతున్నారు. కానీ మొదటి దెబ్బ తరువాత నీళ్ల మీంచి కేక రాలేదు. అంతవరకు అప్పుడొకటి అప్పుడొకటి వినిపించిన గొంతు పూర్తిగా ఆగిపోయింది. యేసోబు తాతయ్య భయపడిందే జరిగిందని అందరికీ తోచింది. ఒక దెబ్బ దగ్గర ఆయన చెయ్యి ఆగితే అమ్మ, "ఆపకు తాతయ్యా" అంది. ఇంకొకసారి ఆగింది. "ఆపకు" అంది. ఆమె చేతిలో ఆ రోకలి ఇంకా ఉంది. నాగమ్మ గట్టు మీదికి పోయి నీటి అంచున చీలమండల లోతు బురదలో నిలబడి, ఏమీ కనిపించని తెలుపులోకి చూస్తూ ఉందని తరువాత చెప్పారు. నేను మాత్రం దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న ఖాళీలో, నాన్నగారు నేర్పిన ప్రార్థనలన్నీ కలగాపులగంగా గొణుక్కుంటూ కూర్చున్నాను. ఒక్కటీ చివరిదాకా గుర్తు రాలేదు.

చివరికి గట్టు మీద ఒక గోల లేచింది. అది ఏడుపో, సంతోషమో ఆ మంచులో తేల్చుకోలేకపోయాను. తరువాత మా గుమ్మం ముందున్న జనం రెండుగా విడిపోయారు. నాన్నగారు వచ్చారు. బురద మోకాళ్ల దాకా ఉంది. ఏడ్చి వచ్చిన ఆడవాళ్లను, కొంగులను, కూలబడిన పెద్దమ్మను చూశారు. చూసి, ఇక అడగవలసింది ఏమీ లేదన్నట్టు గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. అమ్మ ఆయన వెనకే వచ్చింది. ఆయనకు ఏ వివరణా ఇవ్వలేదు.

"పాప కళ్లు తెరిచింది. మందు తెచ్చారా?" అంది.

ఆయన నేల మీద కూర్చుండిపోయారు. చంకలోంచి తుండుగుడ్డ మూట తీశారు. దాని లోపల మందు సీసా ఉంది, పొడిగా, చెక్కు చెదరకుండా.

నీళ్ల మీద జరిగినది నాన్నగారు ఎన్నడూ చెప్పలేదు. నాంచారయ్య చెప్పాడు, ఆ సాయంకాలమే, మా అరుగు మీద. "మొదటి దెబ్బ పడగానే మాస్టారు పడవలో కూలబడ్డాడండీ. కేకేద్దామంటే ఆయనకి గొంతు లేదు, ఆయన్ని చూసి నాకూ రాలేదు. నేనన్నాను, మాస్టారూ, కాసేపు ఆగుదామా, మంచు విడిచాక పోదామా, అని. ఎందుకంటే ఆ చప్పుడు వైపు పోవటమంటే ఎక్కడికి పోవటమో నాకూ తెలుసు గదా. ఆయన నా వంక చూసి, తిప్పు నాంచారయ్యా, అటే తిప్పు, మనిల్లు అటే ఉంది, అన్నాడు. రెండో తెడ్డు తనే అందుకున్నాడు. ఆ సీసా మాత్రం చంకలోంచి దించలేదు. పోయిన పిల్లకి మందెందుకు మాస్టారూ అని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయా."

రూతు ఆ రోజే లేచి కూర్చోలేదు. మందు పడ్డాక కూడా ఆ జ్వరం మమ్మల్ని చాలాకాలం అంచున నిలబెట్టింది. అమ్మ ఒక్కొక్క రాత్రిని యేసోబు తాతయ్య ప్రశ్నతో పాటు గడిపిందని నాకు తెలుసు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగి, జవాబు విని, మందిరం వైపు తిరిగి ఒక్కసారి తల వంచి వెళ్లేవాడు. రూతు అన్నం తిన్న ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టారు. నాగమ్మ, నాంచారయ్య కూడా వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు. నాన్నగారిని సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డారు. ఎప్పుడూ గంటసేపు మాట్లాడే మనిషి రెండు మాటలే చెప్పారు. "నన్ను విశ్వాసి అనకండి. నాకు వేరే దిక్కు లేక ఆ దిక్కుకు వచ్చాను. దిక్కు చూపించినవాడు నమ్మదగినవాడు, అంతే." కూర్చున్నారు.

రూతు పెద్దదై నర్సు చదువు చదివి గుడివాడలో స్థిరపడింది. ఏటా వాళ్లింట్లో కృతజ్ఞత కూడికలో ఆ ఉదయాన్ని చెప్పేది. ఏటేటా మంచు కాస్త చిక్కనయ్యేది, మొగ కాస్త దగ్గరికి జరిగేది. "అంత దగ్గర కాదమ్మా" అని నేను సరిదిద్దితే, "నువ్వు ఇంట్లో కూర్చున్నావు, నీకేం తెలుసు? నా గంట అది, నేను చెప్పినట్టే ఉంటుంది" అనేది. రోగుల మంచాల పక్కన ఎంతమందికి ధైర్యం చెప్పిందో గానీ, ఎవరికీ ఏమీ కాదని మాట ఇవ్వలేదు. "చప్పుడు ఎటువైపు నుంచి వస్తోందో చూసుకోండి" అనేదట. వాళ్లకు అర్థమయ్యేదో కాదో.

ఇప్పుడు మా లంక కుర్రవాళ్ల జేబుల్లో ఫోన్లున్నాయి, అవి మంచులో కూడా దారి చూపిస్తాయి. కబురు మనిషి కంటే ముందే చేరుతుంది. ఇది మేలే, కాదనను. ఆనాడు ఒక ఫోను ఉంటే మా అమ్మకు అంత వేదన తప్పేది. కానీ రూతు గుడివాడ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, బందరులో నా మంచం పక్కన ఫోను మోగినప్పుడల్లా నా చెయ్యి వెనక్కి వెళ్లేది. ఎత్తితే ఏం వినవలసి వస్తుందోనని, అది మోగి మోగి ఆగేదాకా చూస్తూ ఉండేవాణ్ణి. ఇన్నేళ్లు వాక్యం చదివిన వాణ్ణి, నాన్నగారి కొడుకును. భయపడిన శబ్దం వైపే పడవ తిప్పడం ఎంత కష్టమో నాకు డెబ్బయి దాటాక అర్థమయింది. మా నాన్నగారు దానిని విశ్వాసం అనవద్దన్నారు. ఆ ఒక్క విషయంలో ఆయనతో నేను ఏకీభవించను.

భూస్థాపన అయిన సాయంకాలం గ్రేసు, నేను పడవలో నాగాయలంకకు తిరిగి వస్తున్నాం. నీళ్ల మీద పలచగా మంచు దిగుతోంది. గ్రేసు అంది: "మావయ్యా, నీకు చెప్పలేదు. చివరి రోజు అమ్మ కళ్లు తెరిచి, గంట వినిపిస్తోందే, అంది. నాకు భయమేసి, ఎటునుంచమ్మా, అన్నాను. నవ్వి, ఇంటి వైపు నించే, అంది. నేనేమో జ్వరం మాటలనుకుని తడిగుడ్డ వేశాను."

పడవ నడిపే అబ్బాయిని, "బాబూ, ఇంజను ఒక్క నిమిషం ఆపుతావా?" అని అడిగాను. ఎందుకో అర్థం కాకపోయినా ఆపాడు. పడవ పక్కన నీరు గలగలలాడింది. మడల్లో ఎక్కడో ఒక పక్షి అరిచి ఊరుకుంది. గ్రేసు నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం విన్నాం. నాకేమీ వినిపించలేదు.

"పోనియ్యి బాబూ" అన్నాను. వినిపించిన రోజున పడవను ఎటు తిప్పాలో నాకు తెలుసు.